విద్యా విభాగం వార్షిక నివేదిక: ఈసారి బహుమతులు ఎలా ఇచ్చాం

సభ్యులందరికీ నమస్కారం.

మొక్కలు నాటడం, వైద్య శిబిరం, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పట్లాగే జరిగాయి. జమాఖర్చులు బోర్డులో పెట్టాం. ఎక్కువ గొడవ నడిచింది పదో తరగతి బహుమతుల మీద కాబట్టి దాని గురించే వివరంగా రాస్తున్నాం.

ఇన్నాళ్లూ 600 మార్కుల్లో అందరికన్నా ఎక్కువ తెచ్చుకున్నవారికి నగదు, శాలువా ఇచ్చేవాళ్లం. ఈసారి ఆ డబ్బులో సగం ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు సొంతంగా చేసిన పనికి కేటాయించాం. "నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటు మార్కులు చూసే కదండీ ఇచ్చేది?" అని ఒక తండ్రి అడిగారు. అడగాల్సిన మాటే. మిగతా సగం అలాగే ఉంచింది అందుకే.

పరీక్ష మార్కులే కాక పిల్లల పనీ చూడటం మనం కనిపెట్టిందేమీ కాదు. నిరంతర సమగ్ర మూల్యాంకనం (ఒక్క పరీక్షతో కాక, ఏడాది పొడవునా అన్ని రకాలుగా పిల్లల్ని అంచనా వేయడం) ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది. ప్రోగ్రెస్ కార్డులో పిల్లల సొంత అంచనాకూ, తోటివారి అంచనాకూ చోటివ్వాలని 2020 జాతీయ విద్యా విధానం అంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. చిక్కల్లా మార్కులు వేసే చేతితోనే. మన రాష్ట్రంలో పదో తరగతికి ఉన్న 20 ఇంటర్నల్ మార్కుల్ని కొన్ని బళ్లు ఇష్టమొచ్చినట్టు వేసుకుంటున్నాయన్న ఫిర్యాదులతో 2019లో తీసేశారు.

అందుకని మేం పిల్లలు తెచ్చిన చార్టులు చూసి మార్కులు వేయలేదు (నెట్ సెంటర్లో ప్రింటు తీయించినవి ఎలాగూ తెలిసిపోతాయి). పక్క ఊరి రిటైర్డు మాస్టారిని, కాలువ నీళ్లు వదిలే లస్కరుని, ఒక కొబ్బరి దింపు కార్మికుణ్ణి కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగించాం. రొయ్యల చెరువుల పక్కనున్న నూతుల నీటిని టీడీఎస్ మీటరుతో (నీటిలో కరిగిన లవణాలెన్నో చూపేది) కొలిచిన అమ్మాయిని లస్కరు, "కాలువలకు నీళ్లు కట్టేశాక మళ్లీ చూశావా అమ్మా?" అన్నారు. చూడలేదంది. ఎండాకాలంలో మళ్లీ కొలిచి, రెండు వరసలూ పక్కపక్కన రాసి తెచ్చింది. ఆ రెండో వరసకే ఆమెకు బహుమతి ఇచ్చాం. బళ్లో లెక్కలంటే బెదిరిపోయే ఒక అబ్బాయి, దింపు కూలి, వలుపు కూలి పోను తోటలో ఎంత మిగులుతుందో నోటితోనే చెప్పాడు. బొండాలుగా అమ్మినవి లెక్కలోకి రాలేదని దింపు కార్మికుడు పట్టుకున్నారు. అక్కడికక్కడే సరిచేశాడు.

అయితే బెరుకు పిల్లలకు స్టేజీ మీద ప్రశ్నలంటే టెన్షనే. వచ్చే ఏడాది వాళ్లను పని చేసిన చోటే, నూతి దగ్గరో తోటలోనో అడగాలని కార్యవర్గం ప్రతిపాదన. దీన్నీ, బహుమతి డబ్బు పంపకాన్నీ సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడతాం. ప్రశ్నలు అడగడానికి తగినవారు తెలిస్తే పేర్లు కార్యదర్శికి ఇవ్వండి. మన పిల్లలకు మేనమామలూ బాబాయిలూ మాత్రం వద్దు.