మంత్రి గారూ, చార్మినార్ కథ మా అమ్మకు తెలుగులో చెప్పించండి

గౌరవనీయులైన తెలంగాణ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మొన్న చలికాలంలో ఒక ఆదివారం పొద్దున మా అమ్మను తీసుకుని పాతబస్తీలో హెరిటేజ్ వాక్‌కు వెళ్లాను. అమ్మకు 68 ఏళ్లు. జగిత్యాల దగ్గర పల్లెలో ఉంటుంది. హైదరాబాద్‌కు చాలాసార్లే వచ్చింది. వచ్చినప్పుడల్లా ఆసుపత్రి, లేకపోతే ఎవరిదో పెళ్లి, తర్వాత మా ఇల్లు. చార్మినార్‌ను బస్సు కిటికీలోంచి చూసిందే తప్ప దిగి చూసింది లేదు. "ఒక్కపారి మంచిగ చూపియ్యి బిడ్డా" అని ఈసారి తనే అడిగింది. నేనే తీసుకెళ్లి చూపించొచ్చు. కానీ నాకు తెలిసిందెంత? విషయం తెలిసినవాళ్లు దగ్గరుండి చెబితే బాగుంటుందని ఇద్దరికీ డబ్బు కట్టి పేర్లు రాయించాను.

ఆ వాక్ నడిపిన వాళ్లెవరో ఇక్కడ రాయను. మంచి వాళ్లే. గైడ్ కుర్రాడు చురుకైనవాడు, నడుముకు చిన్న స్పీకర్ పెట్టె, చెంప దగ్గర మైకు, ఓపిక కూడా ఉంది. అతని మీద ఫిర్యాదు చేయడానికి కాదు ఈ ఉత్తరం.

పొద్దున ఏడు గంటలకు చార్మినార్ కింద ఇరవై మందిమి పోగయ్యాం. పార్కింగ్ ఎక్కడ దొరికింది, టిఫిన్ చేశారా లేదా, ఎండెక్కేలోపు అయిపోతుందా అని మాట్లాడుకున్నది చాలామంది తెలుగులోనే. గైడ్ మైకు ఆన్ చేయగానే అంతా ఇంగ్లిష్. మధ్యమధ్య కొంచెం హిందీ. రెండున్నర గంటల్లో తెలుగులో వినబడిన మాటలు రెండే: "జాగ్రత్త", "రండి".

నేను అమ్మ పక్కన నిలబడి గుసగుసగా తర్జుమా చేస్తూ పోయాను. 1591, మహమ్మద్ కులీ కుతుబ్ షా, పై అంతస్తులో మసీదు, 149 మెట్లు (అమ్మ మోకాళ్లు ఒప్పుకోలేదు, కిందే ఉన్నాం), నాలుగు వైపులా గడియారాలు 1889లో పెట్టినవి. ఇలాంటివి చెప్పడం తేలిక. అంకెలకు భాషతో పనేముంది. అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలైంది.

కమాను లోపలి గోడ దగ్గర గైడ్ ఆగి లైమ్ మోర్టార్ గురించి, స్టక్కో గురించి చెప్పాడు. ఈ రెండు మాటలకు నాకు తెలుగు తట్టలేదు. "సున్నంతో కట్టారట" అని తేల్చేశాను. అమ్మ ముందుకు వంగి, ఒక మూల పెచ్చు లేచిన చోట వేలి కొసతో మెల్లగా రాసి చూసింది. వేలికి అంటిన పొడిని బొటనవేలితో నలిపింది. "ఇది డంగు సున్నం గదనే" అంది. తన చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో గుడి గోడ కట్టేటప్పుడు గుండ్రటి కాలువలో రాతి చక్రం వేసి, ఎద్దును కట్టి, సున్నం ఇసుక కలిపి రోజుల తరబడి తొక్కించారట. అందులో బెల్లం నీళ్లు పోశారట, కరక్కాయ నీళ్లు పోశారట. అది ఆరితే గడ్డపారకు కూడా లొంగదట. "వీళ్లు ఏం పోసిన్రో అడుగు" అంది నాతో.

నేను ఆ ప్రశ్నను ఇంగ్లిష్‌లోకి మార్చుకునేలోపు గుంపు ముందుకు కదిలింది. కరక్కాయను ఇంగ్లిష్‌లో ఏమంటారో ఫోన్‌లో వెతుక్కుంటూ నేను వెనకబడ్డాను.

మంత్రి గారూ, అక్కడ నాకు ఒక సంగతి వెలిగింది. తెలుగు గైడ్ లేకపోవడం వల్ల మా అమ్మకు చరిత్ర అందలేదని మాత్రమే ఇప్పటిదాకా అనుకుంటున్నాను. మా అమ్మ దగ్గరున్నది కూడా ఆ గైడ్‌కు అందలేదు. ఆ ఇరవై మందిలో డంగు సున్నం తొక్కడం కళ్లారా చూసిన మనిషి ఆమె ఒక్కతే అయి ఉంటుంది. ఆమెతో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు.

తర్వాత గుల్జార్ హౌజ్. చార్మినార్‌కు ఉత్తరాన నాలుగు కమాన్లు, వాటి మధ్యలో ఈ నీళ్ల తొట్టి. గైడ్ ఇక్కడ మంచి కథ చెప్పాడు. దీని పాత పేరు 'చార్ సూ కా హౌజ్', అంటే నాలుగు దిక్కుల తొట్టి. జనం నోళ్లలో నలిగి అది 'సూఖా హౌజ్' అయిందట, అంటే ఎండిపోయిన తొట్టి. నిండా నీళ్లున్న తొట్టికి ఎండిన తొట్టి అని పేరేమిటని చివరికి గుల్జార్ అని మార్చారట. అందరూ ఘొల్లుమన్నారు. నేను అమ్మకు ముందు ఉర్దూ మాటలు విడదీసి చెప్పి, తర్వాత అర్థం చెప్పి, తర్వాత అందులో నవ్వు ఎక్కడుందో చెప్పాను. అమ్మ నవ్వింది. బాగా నవ్వింది. అప్పటికి మిగతా అందరూ నవ్వడం అయిపోయి మచిలీ కమాన్ వైపు చూస్తున్నారు. ఒంటరిగా వినబడిన తన నవ్వుకు తనే సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తెలుగువాళ్లు ఈ కట్టడాలకు బయటివాళ్లైతే ఇదంతా మామూలే అనుకునేదాన్ని. కాదు కదా! గోల్కొండను ఏలిన కుతుబ్ షాహీల ఫర్మానాల్లో, అంటే రాజాజ్ఞల్లో, పారసీతో పాటు తెలుగులోనూ రాసినవి ఉన్నాయి. కులీ తండ్రి ఇబ్రహీం కుతుబ్ షాను మన కవులు మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకుని కావ్యం అంకితమిచ్చారు. 1578లో మూసీ మీద పురానాపూల్ కట్టించింది ఆయనే. గోల్కొండ సుల్తాను కొలువులో చెల్లిన తెలుగు, ఈరోజు ఆ సుల్తాను కొడుకు కట్టించిన చార్మినార్ కింద చెల్లడం లేదు. ఉర్దూ సంగతీ అంతే. పాతబస్తీ మాట్లాడే భాషలో పాతబస్తీ కథ చెప్పే వాక్ దొరకాలంటే వెతుక్కోవాల్సిందే.

లాడ్ బజార్‌లో దుకాణాలు అప్పుడప్పుడే తెరుస్తున్నారు. ఒక మెట్టు మీద పెద్దాయన ఒకరు బొగ్గుల కుంపటి ముందు కూర్చుని లక్క గాజు చేస్తున్నారు. వేడికి మెత్తబడ్డ లక్కను సన్నటి పట్టీలా సాగదీసి, గుండ్రంగా వంచి, అతికిన చోట వేలితో నొక్కి, అది గట్టిపడేలోపు పట్టకారుతో ఒక్కొక్క రాయిని పొదుగుతున్నారు. 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిన హైదరాబాద్ లక్క గాజులు ఇవే. గైడ్ ఆ గుర్తింపు గురించి చెబుతున్నాడు. అమ్మ మాత్రం మెట్టు దగ్గర చతికిలబడి "రాయి ఊడిపోదా?" అని తెలుగులో నేరుగా ఆయన్నే అడిగింది. ఆయన తన హైదరాబాదీ తెలుగులో జవాబిచ్చారు: లక్క మరీ వేడిగా ఉంటే రాయి మునిగిపోతుంది, చల్లబడితే పట్టదు, మధ్యలో ఒక్క క్షణం ఉంటుంది, దాన్ని చెయ్యే చెబుతుంది అని. రెండు నిమిషాలు మాట్లాడుకున్నారు. ఆ పొద్దున అమ్మకు నా తర్జుమా అక్కర్లేకుండా గడిచింది ఆ రెండు నిమిషాలే.

మీకు గైడ్లు ఎక్కడ దొరుకుతారని ఎవరైనా అడిగితే, మొదట ఆ మెట్టు చూపిస్తాను. గాజుల దుకాణం వాళ్ల పిల్లలు, ముత్యాల దుకాణాల్లో పనిచేసేవాళ్లు, అక్కడి కాలేజీల్లో చరిత్ర చదివేవాళ్లు. రెండు భాషలు, కొందరికి మూడు భాషలు పుట్టుకతో వచ్చినవాళ్లు. వాళ్లకు శిక్షణ ఇచ్చి, గుర్తింపు కార్డు ఇచ్చి, న్యాయమైన రోజు కూలి ఇస్తే చాలు.

శిక్షణ అని ఊరికే అనడం లేదు. మా గైడ్ చార్మినార్ నుంచి గోల్కొండకు సొరంగం ఉందని ఎంత ధీమాగా చెప్పాడంటే, తను నిన్ననే అందులోంచి నడిచి వచ్చినట్టుంది. ప్లేగు తగ్గినందుకు చార్మినార్ కట్టారన్న కథను కూడా తిరుగులేని నిజంలా చెప్పాడు. హిజ్రీ వెయ్యో సంవత్సరానికి గుర్తుగా కట్టి ఉంటారన్న వాదన ఒకటి ఉందని అననే లేదు. కథలు చెప్పొద్దని కాదు, కథలు లేకపోతే ఎవరు నడుస్తారు? ఇది కథ, ఇది శాసనం, ఇది వాదన అని విడదీసి చెప్పమంటున్నాను.

నడక గురించి కూడా రెండు మాటలు. గుల్జార్ హౌజ్ చుట్టూ బళ్లు తిరుగుతూనే ఉంటాయి. ఇరవై మంది చేతులు పట్టుకుని రోడ్డు దాటుతుంటే ఆటోలు మమ్మల్ని రెండు ముక్కలు చేశాయి. సగం మంది కథ విన్నారు, సగం మంది హారన్లు విన్నారు. పెద్దవాళ్లకు కూర్చోవడానికి దారిలో ఒక బల్ల లేదు. ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి ఎక్కడుందో గైడ్‌కే సరిగ్గా తెలియదు. దీని గురించి ఇంతకన్నా రాయను, మీకు తెలియని సమస్య కాదు.

ఎందుకు తెగదో కూడా అర్థమైంది. చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖది. పక్కనే మక్కా మసీదు, దాని బాగోగులు చూసేది రాష్ట్ర మైనారిటీ సంక్షేమ శాఖ. మధ్యలో రోడ్డు కార్పొరేషన్‌ది, దాని మీద తిరిగే బళ్లు ట్రాఫిక్ పోలీసులవి. చివర్లో చౌమహల్లా ప్యాలెస్ నిజాం కుటుంబ ట్రస్టుది. కూతవేటు దూరంలో ఇంతమంది యజమానులు. నడిచేవాడికి మాత్రం అది ఒకే దారి. అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టగలిగింది మీరే అని మీకు రాస్తున్నాను.

జరగని పని కాదు. 2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీలకు వచ్చిన అమ్మాయిలను ఇదే దారిలో నడిపించారు. చార్మినార్, లాడ్ బజార్, చౌమహల్లా. ట్రాఫిక్ మళ్లించారు, అన్ని శాఖలూ కలిసి పనిచేశాయి. టీవీలో చూసి సంతోషించాను, కొంచెం కుళ్లుకున్నాను కూడా. ఒక్క సాయంత్రం కోసం చేసిన ఏర్పాటులో పావు వంతు, ప్రతి ఆదివారం పొద్దున మూడు గంటల పాటు మాకు చేయండి చాలు. కిరీటాలేమీ అడగం.

అహ్మదాబాద్‌నే చూడండి. అక్కడి కార్పొరేషన్ 1997లో వారసత్వ నడక మొదలుపెట్టింది. కాలుపూర్ స్వామినారాయణ మందిరం దగ్గర మొదలై, పోల్ అని పిలిచే పాత వాడల సందుల్లోంచి వెళ్లి జామా మసీదు దగ్గర ముగుస్తుంది. 2017లో ఆ పాత నగరం యునెస్కో జాబితాలో చేరింది, మన దేశంలో మొదటి ప్రపంచ వారసత్వ నగరం అదే. మన చార్మినార్, గోల్కొండ, కుతుబ్ షాహీ సమాధులు 2010 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలోనే ఉన్నాయి. నడక వల్లనే గుర్తింపు వచ్చిందని నేననను. కానీ తన ఊరిని తను నడిచి చూసే అలవాటున్న జనం, ఆ ఊళ్లో ఒక కమాను పెచ్చు ఊడితే ఊరుకోరు. 2019లో చార్మినార్ మినారు నుంచి గచ్చు ముక్క ఊడి పడినప్పుడు రెండు రోజులు ఫొటోలు చూసి మర్చిపోయాం. నేనూ మర్చిపోయాను.

కాబట్టి నేను అడిగేది చిన్నదే. ప్రతి ఆదివారం ఒక తెలుగు నడక, ఒక ఉర్దూ నడక పెట్టించండి. ఇంగ్లిష్‌ది ఎలాగూ నడుస్తుంది. టైమ్ ఖచ్చితంగా ఉండాలి, టికెట్ ధర పల్లె నుంచి వచ్చినవాళ్లు ఇచ్చుకోగలిగేంత ఉండాలి. జిల్లాల నుంచి ప్రభుత్వ బడి పిల్లలను విహారయాత్రకు తెస్తుంటారు. బస్సు దింపి, ఫొటో తీసి, జూపార్కుకు తోలుకుపోతారు. చార్మినార్ ఎక్కడానికి 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ ఎలాగూ అక్కర్లేదు, ఆ పిల్లల ముందు తెలుగులో చెప్పే ఒక మనిషిని నిలబెట్టండి.

దసరా తర్వాత అమ్మ మళ్లీ వస్తానంది, కళ్ల డాక్టర్‌కు చూపించుకోవాలి. అప్పటికి తెలుగు నడక మొదలైతే రెండు టికెట్లు నావి. చార్మినార్ సున్నంలో కరక్కాయ నీళ్లు పోశారా, బెల్లం నీళ్లు పోశారా అన్న ప్రశ్న ఆమె ఇంకా మర్చిపోలేదు. ఫోన్ చేసినప్పుడల్లా నన్నే అడుగుతోంది.

ఇట్లు,
అమ్మతో కలిసి పాతబస్తీ నడిచిన ఒక పౌరురాలు