గుండె ముప్పు లెక్కకు కంచె కట్టొద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

స్కాన్ బొమ్మ చూసి గుండెపోటు ముప్పును ముందే చెప్పే సాఫ్ట్‌వేర్ల గురించి, వాటి పేటెంట్ల గురించి ఈ మధ్య పేపర్లలో తరచూ వస్తోంది. రాసేవాళ్లు డాక్టర్లో, కంపెనీల వాళ్లో అయి ఉంటున్నారు. ఆ బొమ్మలు తీసే మా మాట ఎక్కడా కనబడలేదు. నేను గుంటూరు కొత్తపేటలో 22 ఏళ్లుగా సీటీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. చేతి మీదుగా జరిగిన ఒక సంగతి చెప్పి, దాని మీద నా అభ్యంతరం చెబుతాను.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక స్కానింగ్ సెంటర్లో కాల్షియం స్కోర్ లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ ఉండేది. ఏడాదికోసారి డబ్బు కట్టి లైసెన్స్ పొడిగించుకోవాలి. ఒక మంగళవారం సాయంత్రం మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే ఆయన వచ్చాడు. 47 ఏళ్లు. వాళ్ల నాన్న, పెదనాన్న ఇద్దరూ యాభై దాటకుండానే గుండెపోటుతో పోయారట. ఈయనకు మెట్లెక్కితే ఆయాసం, అంతకుమించి ఏమీ లేదు. మందు ఎక్కించకుండా, ఊపిరి బిగబట్టమని, స్కాన్ తీశాను. బొమ్మలు చక్కగా వచ్చాయి. స్కోర్ కోసం నొక్కితే గడువు ముగిసిందని స్క్రీన్ మీద వచ్చింది. యజమాని ఊళ్లో లేరు. గుండె డాక్టర్ గారు ఫోన్ చేసి ఎనిమిదింటికల్లా నంబర్ కావాలన్నారు. పేషెంటు భార్య బయట బెంచీ మీద టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

నేను నోట్‌బుక్ తీశాను.

తెలియనివారి కోసం కొంచెం వివరిస్తాను. గుండెకు రక్తం మోసే నాళాల గోడల్లో కొవ్వు పేరుకున్నచోట, ఏళ్లు గడిచేకొద్దీ సున్నం, అంటే కాల్షియం, గట్టిపడుతుంది. సీటీలో అది ఎముక లాగా తెల్లగా మెరుస్తుంది. దాన్ని ఎలా లెక్కపెట్టాలో 1990లో అమెరికాలో ఆర్థర్ అగాట్‌స్టన్ అనే గుండె డాక్టరు, వారెన్ జానోవిట్జ్ అనే రేడియాలజిస్టు, తోటివాళ్లతో కలిసి ఒక వైద్య పత్రికలో రాశారు. గుండెను మూడు మిల్లీమీటర్ల మందం ముక్కలుగా చూపే బొమ్మలు, అంటే స్లైసులు, తీయాలి. సీటీ బొమ్మలో తెల్లదనాన్ని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో కొలుస్తారు. 130 యూనిట్లు, ఆ పైన ఉన్న తెల్ల మచ్చ ఒక చదరపు మిల్లీమీటరైనా ఉంటే లెక్కలోకి వస్తుంది. ఆ మచ్చలో అన్నిటికంటే తెల్లని చోటు 200 లోపు ఉంటే ఒకటితో, 300 లోపు అయితే రెండుతో, 400 లోపు అయితే మూడుతో, 400 నుంచి పైకి నాలుగుతో మచ్చ వైశాల్యాన్ని హెచ్చవేయాలి. అన్ని స్లైసుల్లో, అన్ని నాళాల్లో వచ్చిన అంకెలు కూడితే అదే స్కోర్. సున్నా వస్తే దగ్గర్లో ముప్పు చాలా తక్కువ. 100 దాటితే డాక్టర్లు మందుల గురించి గట్టిగా ఆలోచిస్తారు. 400 దాటితే ముప్పు ఎక్కువని అర్థం.

సాఫ్ట్‌వేర్ లేకపోయినా మామూలు కన్సోల్ మీద ఇది చేయొచ్చు. బొమ్మ వెలుగునీడలను సర్దే సెట్టింగుల్లో విండో వెడల్పు ఒకటికి తగ్గించి, లెవెల్ 130 దగ్గర పెడితే బొమ్మంతా నలుపు తెలుపుల్లోకి మారిపోతుంది, 130 దాటిందల్లా తెల్లగా మిగులుతుంది. ఎముకలు వదిలేసి, నాళం దారిలో ఉన్న మచ్చ చుట్టూ మౌస్‌తో గీత గీస్తే దాని వైశాల్యం, అందులో గరిష్ఠ అంకె కనబడతాయి. ఎడమవైపు ముందు నాళంలో ఒక మచ్చ ఏడు చదరపు మిల్లీమీటర్లు, గరిష్ఠం 342. ఏడు మూళ్లు 21. ఇలా ఒక్కొక్క స్లైసూ దిగుతూ పదకొండు మచ్చలు రాసుకున్నాను. నలభై నిమిషాలు పట్టింది. మొత్తం 164. రెండుసార్లు కూడి, డాక్టర్ గారికి ఫోన్‌లో చెప్పాను. రేడియాలజిస్టు గారు బొమ్మలు చూసి సంతకం చేశారు. గుమాస్తా గారికి ఆ రాత్రే మందులు మొదలయ్యాయి. నాలుగు రోజుల తర్వాత లైసెన్స్ వచ్చాక అవే బొమ్మలు సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే 171 చూపించింది.

సాఫ్ట్‌వేర్ ఆగిపోయినా ఆ లెక్క ఆగలేదు, ఎందుకంటే లెక్క అందరిదీ. అగాట్‌స్టన్ బృందం దాన్ని పూర్తిగా అచ్చులో పెట్టింది. ఏ కంపెనీ మిషనైనా అదే పద్ధతిలో లెక్కకట్టగలదు, చేతనైనవాడు నోట్‌బుక్‌లోనూ వేసుకోగలడు. రేపు ఇంకా మెరుగైన లెక్క ఒకటి వచ్చి, ‘గుండె బొమ్మ తీసుకోవడం, అందులో ఫలానా గుర్తు కొలవడం, దాన్నిబట్టి ముప్పు చెప్పడం’ అని మొత్తానికీ కలిపి పేటెంటు ఇచ్చేస్తే, ఇరవై ఏళ్లపాటు ఆ గుర్తును ఇంకొకరు కొలిచే దారి మూసుకుపోతుంది. లైసెన్స్ అయిపోతే ఒక కంప్యూటర్ పెట్టె ఆగుతుంది. ఇలాంటి పేటెంటు ఉంటే పక్క పెట్టె కూడా ఆగుతుంది. ఈ తేడా చాలామంది గమనించడం లేదని నా బాధ.

పేటెంట్లే వద్దనడం లేదు నేను. సీటీ బొమ్మ నుంచి గుండె నాళాల నమూనా కట్టి, అందులో రక్తం ఎంత ఒత్తిడితో పారుతుందో ద్రవాల గణితంతో లెక్కించే పద్ధతిని కాలిఫోర్నియాలోని హార్ట్‌ఫ్లో కంపెనీ తయారుచేసింది. తొడలోంచో మణికట్టులోంచో తీగ పంపి కొలవాల్సినదాన్ని బొమ్మ మీదే అంచనా కడుతుంది. 2014లో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. 2017లో బ్రిటన్‌లో ఏ వైద్యం వాడొచ్చో సలహా ఇచ్చే నైస్ సంస్థ దాన్ని సిఫారసు చేసినప్పుడు ఒక్కో పరీక్షకు 700 పౌండ్లు. ఖరీదే, కానీ అది ఏళ్ల కష్టం. ఆ గణితాన్ని కంప్యూటర్లో ఎలా నడిపించారో దానికి పేటెంటు ఇస్తే ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు. ‘నాళంలో ఒత్తిడి తగ్గితే ముప్పు’ అన్న జ్ఞానానికి మాత్రం హద్దురాళ్లు పాతకూడదు.

అమెరికాలోనే కోర్టులు ఈ గీత గీశాయి. రక్తంలో ఒక ఎంజైమ్ కొలిచి గుండె జబ్బు ముప్పు చెప్పే పద్ధతి మీద క్లీవ్‌లాండ్ క్లినిక్ అనే ఆసుపత్రికి ఉన్న పేటెంట్లు 2017లో, పేటెంట్ల అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టులో నిలబడలేదు. శరీరంలో సహజంగా ఉన్న సంబంధాన్ని గమనించడం ఆవిష్కరణ కాదన్నారు. అదే కోర్టు 2020లో, గుండె లయ తప్పడాన్ని మెరుగ్గా పట్టుకునే కార్డియోనెట్ పరికరం పేటెంటును మాత్రం ఆ కారణంతో కొట్టేయడం కుదరదంది. పరికరం పనితీరును బాగుచేయడం వేరు, ప్రకృతిలో ఉన్నదాన్ని చదవడం వేరు.

మన చట్టంలోనూ ఈ గీత ఉంది. మా అమ్మాయి లా చదువుతోంది, తనే నాకు 1970 నాటి పేటెంట్ల చట్టం మూడో సెక్షన్ చూపించింది. 3(కె) ప్రకారం గణిత పద్ధతి, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్, అల్గారిథమ్ పేటెంటుకు పనికిరావు. 3(ఐ) ప్రకారం మనుషులకు చేసే చికిత్సా పద్ధతులు, రోగనిర్ధారణ పద్ధతులు పనికిరావు. 2004లో ఆర్డినెన్స్ తెచ్చి 3(కె)ని సడలించబోతే మరుసటి ఏడాది పార్లమెంటు ఆ సడలింపును ఒప్పుకోలేదు. ఆ తర్వాత 2019లో ఢిల్లీ హైకోర్టు ఫెరిద్ అలానీ కేసులో, ప్రోగ్రామ్ వల్ల సాంకేతిక ఫలితం ఏదైనా ఉంటే పరిశీలించాల్సిందేనంది. అది సబబే. కానీ ఆ తలుపు ఎంత తెరవాలన్నదే ఇప్పుడు ప్రశ్న. 2023 అక్టోబరులో మద్రాసు హైకోర్టు, శరీరం బయట చేసే పరీక్ష అయినా జబ్బును పసిగట్టేదైతే 3(ఐ) కిందికే వస్తుందని చెప్పింది. మన రెండు రాష్ట్రాల దరఖాస్తులు వెళ్లేది చెన్నై పేటెంటు ఆఫీసుకే, కాబట్టి ఆ మాట మనకు ముఖ్యం. మరి ‘మాది నిర్ధారణ కాదు, ముప్పు అంచనా మాత్రమే’ అని దరఖాస్తులో రాస్తే? ‘పద్ధతి కాదు, వ్యవస్థ’ అని పేరు మారిస్తే? నా గుమాస్తా గారికి ఆ రాత్రి 164 అన్న అంకె చూసే మందులు మొదలుపెట్టారు. పేరు ఏదైనా ఆయనకు జరిగింది వైద్యమే. పరిశీలించే అధికారులు పేరు కాకుండా పని చూడాలి.

ఇక రెండో సంగతి. స్కోర్‌తోపాటు ‘మీ వయసువాళ్లలో మీరు ఎక్కడున్నారు’ అని చెప్పడానికి చాలాచోట్ల వాడేది అమెరికాలో గుండె జబ్బుల మీద జరిగిన మీసా అనే అధ్యయనం పట్టిక. అందులో 6,814 మంది. తెల్లవాళ్లు, నల్లవాళ్లు, హిస్పానిక్‌లు, చైనా మూలాలవాళ్లు. మనవాళ్ల గడి లేదు. వరసలో నాలుగు పేర్లుంటాయి, ఒకటి ఎంచుకోకపోతే ముందుకు పోదు. గుంటూరు జిల్లా మనిషికి ఆ నాలుగింటిలో ఏది నొక్కాలో ఎన్నిసార్లు వేలు ఆగిందో నాకే తెలుసు. నేను ప్రతిసారీ రేడియాలజిస్టు గారిని పిలిచి అడిగి, ఏది ఎంచుకున్నామో రిపోర్టు కింద రాయిస్తాను. మనవాళ్లకు గుండె జబ్బు పాశ్చాత్య దేశాల వాళ్లకంటే ముందే వస్తుందని డాక్టర్లందరికీ తెలుసు. దక్షిణాసియా వాళ్ల కోసం మసాలా అనే అధ్యయనం అమెరికాలోనే తర్వాత మొదలైంది, షికాగో, శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతాల్లో 906 మందితో.

పట్టిక అయితే కనీసం నాలుగు గడులూ కళ్లకు కనబడుతున్నాయి. వేల బొమ్మలు చూసి తనంతట తనే నేర్చుకునే సాఫ్ట్‌వేర్‌లో అదీ కనబడదు. 2018లో గూగుల్ వాళ్లు కంటి లోపలి ఫోటో చూసి వయసు, పొగతాగే అలవాటు, గుండె ముప్పు అంచనా కట్టొచ్చని ప్రకటించారు. 2,84,335 మంది ఫోటోలతో నేర్పారు, అవి బ్రిటన్, అమెరికా సేకరణల్లోవి. వాళ్లు పత్రికలో రాశారు కాబట్టి ఎవరి ఫోటోలో మనకు తెలిసింది. పేటెంటు దరఖాస్తులో ఈ మాట రాయాలన్న పట్టుదల ఎవరికీ ఉన్నట్టు లేదు. అసలు చట్టం పదో సెక్షనే, ఆవిష్కరణను పూర్తిగా, దరఖాస్తుదారుకు తెలిసిన మేలైన పద్ధతితో సహా వివరించాలంటోంది. ఏ వయసువాళ్ల, ఏ ప్రాంతం వాళ్ల బొమ్మలతో నేర్పారో చెప్పకపోతే అది పూర్తి వివరణ ఎలా అవుతుంది?

ఇక్కడ మందులకూ దీనికీ ఉన్న తేడా చూడండి. మన హైదరాబాద్ నాట్కో కంపెనీకి 2012 మార్చిలో క్యాన్సర్ మందు మీద తప్పనిసరి లైసెన్స్, అంటే పేటెంటు ఉన్నవాళ్లు ఒప్పుకోకపోయినా తయారుచేసుకునే అనుమతి, ఇచ్చారు. నెలకు 2.8 లక్షల రూపాయలున్న నెక్సావార్ మందును 8,800కు అమ్మాలని. మందు ఏమిటో పేటెంటులో రాసి ఉంది కాబట్టి నాట్కో తయారుచేయగలిగింది. నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ అలా కాదు. పేటెంటు కాగితంలో బొమ్మలుండవు, నేర్చుకున్నాక లోపల మిగిలే అంకెలుండవు. అత్యవసరమై తప్పనిసరి లైసెన్స్ ఇచ్చినా తయారుచేసేవాడి చేతికి ఏం వస్తుంది? ఇరవై ఏళ్లు గడిచి హక్కు తీరిపోయాక జనానికి మిగిలేదేమిటి? పేటెంటు అనేది సమాజంతో ఒక ఒప్పందం. వివరం బయటపెట్టినందుకు కొన్నాళ్లు హక్కు. వివరమే లేనప్పుడు మనం హక్కు ఎందుకు ఇవ్వాలి?

ఆ బొమ్మలు ఎవరివో కూడా మరిచిపోకూడదు. నేను పనిచేసిన చోట్ల పేషెంటు సంతకం పెట్టే ఫారంలో రేడియేషన్ గురించి ఉంటుంది, మందు పడకపోవడం గురించి ఉంటుంది. మీ బొమ్మను ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు నేర్పడానికి వాడొచ్చా అన్న ప్రశ్న నేను చూడలేదు. పేరు చెరిపేసినా ఆ గుండె ఆయనదే.

కాబట్టి నేను అడిగేవి ఇవి. బొమ్మ నుంచి ముప్పు చెప్పే సాఫ్ట్‌వేర్ పేటెంట్లలో, లెక్కను నడిపే యంత్ర విధానానికే హక్కు పరిమితం చేయాలి, గుర్తుకూ ముప్పుకూ ఉన్న సంబంధానికి కాదు. నేర్పిన బొమ్మలు ఏ జనానివో దరఖాస్తులో రాయించాలి. డాక్టరు తన పేషెంటుకు తన చేతితో వేసే లెక్క ఎన్నటికీ ఉల్లంఘన కాదని చట్టంలోనే రాయాలి. ఇంకొకటి, దరఖాస్తు మీద పేటెంటు ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పే హక్కు 25వ సెక్షన్‌లో ఉంది. 2024 మార్చిలో మార్చిన నిబంధనలతో దానికి ఫీజు పెట్టారు. పేషెంట్ల సంఘాలకు, మాలాంటి వాళ్లకు ఆ ఫీజు తీసేయాలి. మీ పత్రిక కూడా ఇలాంటి దరఖాస్తులు వచ్చినప్పుడు తెలుగులో రాస్తే, చదివి అభ్యంతరం చెప్పేవాళ్లు గుంటూరులోనూ వరంగల్లులోనూ ఉన్నారు.

కొత్తగా చేరే టెక్నీషియన్ పిల్లలకు బటన్ నొక్కడమే తెలుసు, చేతి లెక్క రాదు. అది వాళ్ల తప్పు కాదు, ఎవరూ నేర్పలేదు. ఆదివారాలు మధ్యాహ్నం మిషన్ ఖాళీగా ఉన్నప్పుడు నేను నేర్పుతున్నాను. ఇద్దరు నేర్చుకున్నారు. మూడో అమ్మాయి నరసరావుపేట నుంచి వచ్చే వారం వస్తానంది, నోట్‌బుక్ తెచ్చుకోమన్నాను.

ఇట్లు,
ఒక సీటీ స్కాన్ టెక్నీషియన్,
కొత్తపేట, గుంటూరు