రౌటర్ మార్చే ముందు ఫిల్టర్ చూడండి

సంపాదకుల వారికి,

మా పశ్చిమ గోదావరి పట్టణాల్లో చాలా ఇళ్లకు కేబుల్ టీవీ, ఇంటర్నెట్ ఒకే ఫైబర్ మీద వస్తున్నాయి. డేటా 1490 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం (వెలుగుకు రంగులాంటిది) ఉన్న వెలుగులో, టీవీ 1550లో ఇంటికి చేరతాయి. ఇంటి నుంచి తిరిగి వెళ్లేది 1310లో. టీవీ వెలుగు డేటాలో కలిసి నెట్ తెగిపోతుందంటే, వెలుగులు వేరు కదా, ఒకదాంట్లో ఒకటి ఎలా కలుస్తుందని కొందరు ఆపరేటర్లు నన్ను అడుగుతుంటారు. నేను ఫైబర్ జాయింట్లు వేసేవాణ్ని. కలుస్తుందనే చెబుతాను.

వెలుగు బలాన్ని డీబీఎంలలో కొలుస్తాం; మైనస్ అంకె పెరిగేకొద్దీ బలం తక్కువ. ఒక ఇంట్లో టీవీ సిగ్నల్ మైనస్ 3 డీబీఎం, డేటా మైనస్ 23 ఉన్నాయనుకోండి. తేడా 20 డీబీ; ప్రతి 10 డీబీకీ బలం పది రెట్లు మారుతుంది. అంటే టీవీ వెలుగు వంద రెట్లు బలమైనది. ఈ రెండిటినీ విడదీసే ఫిల్టర్ ఐసోలేషన్, అంటే ఒక వెలుగు రెండోదాని వైపు జారకుండా ఆపే శక్తి, కూడా 20 డీబీయే అయితే, టీవీ వెలుగులో వందో వంతు డేటా వైపు జారిపోతుంది. అది అసలు డేటా బలానికి సమానం! నెట్ తెగిపోక ఏమవుతుంది? 40 డీబీ ఫిల్టర్ పెడితే ఆ జారేది డేటాలో వందో వంతుకు తగ్గుతుంది. ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే, ఈ ఫిల్టర్ ఉండే బాక్సులను చవకని కొంటే, వాటి మీద ఈ అంకె చాలాసార్లు ఉండనే ఉండదు.

ఇంకో చిక్కు మీటర్‌తో. మామూలు పవర్ మీటర్‌ను 1490కి సెట్ చేసినా, ఫైబర్‌లో ఉన్న మొత్తం వెలుగునూ కలిపే చూపిస్తుంది. లైన్‌మన్ కుర్రాడికి మైనస్ 3 కనబడుతుంది. పవర్ బ్రహ్మాండంగా ఉందండీ, రౌటర్ పోయిందంటాడు. ఇంటివాళ్లు కొత్త రౌటర్ కొంటారు, నెట్ మాత్రం అలాగే ఉంటుంది. తప్పు ఆ కుర్రాడిది కాదు. తరంగదైర్ఘ్యాలను విడివిడిగా చూపే పాన్ మీటర్ అతని చేతికి ఇవ్వలేదు.

డేటా పవర్ పెంచేస్తే సరిపోతుందనే వాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. గాజులో రామన్ ప్రభావం వల్ల 1490 వెలుగు తన శక్తిలో కొంత 1550కి ఇచ్చేస్తుంది. డేటా హెచ్చుతగ్గులు టీవీ మీదికి ఎక్కుతాయి, ముఖ్యంగా తక్కువ ఫ్రీక్వెన్సీ ఛానెళ్లలో. ఆకుపచ్చ కనెక్టర్ ఉండాల్సిన చోట నీలంది బిగించినా టీవీకి ఇబ్బందే. ఆకుపచ్చదాని కొన 8 డిగ్రీల ఏటవాలుగా ఉంటుంది, వెలుగును వెనక్కి తిప్పికొట్టనివ్వదు.

ఆపరేటర్ల సంఘాలు ఒక్కో ఏరియాకు కనీసం ఒక పాన్ మీటరైనా కొనాలి. బాక్సులు ఆర్డర్ పెట్టేటప్పుడు ఐసోలేషన్ ఎంతో రాతపూర్వకంగా అడగాలి. చెప్పలేని సరఫరాదారు దగ్గర కొనకూడదు.

– ఒక ఫైబర్ జాయింటర్, తాడేపల్లిగూడెం