వాన లెక్క సరిపోవాలంటే

చి.ల.సౌ. మాధవికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. మేడ మీద పెట్టుకున్న వాతావరణ యంత్రం ఫొటోలు చూశాను. ఫోన్లో చెబితే అంకెలు గాలికి పోతాయని ఇలా రాస్తున్నా. ఆ రాత్రి వానకు నీది 31 మి.మీ. చూపిస్తే పేపర్లో మీ వైపు 44 అని వేశారు, కొన్నది నాసిరకమేమో అని నీ టెన్షన్. అప్పుడే దాన్ని తిట్టకు.

ముందు గడియారం సంగతి. మన వాతావరణ శాఖకు వాన రోజు ఉదయం 8:30కి మొదలై మర్నాటి ఉదయం 8:30కి ముగుస్తుంది. నీ యాప్ అర్ధరాత్రికే సున్నా కొట్టేస్తుంది. వాన పదింటికి మొదలై తెల్లవారుజాము దాకా పడిందన్నావుగా, పన్నెండు దాటాక పడ్డదంతా నీ లెక్కలో మర్నాటి ఖాతాకు పోయింది. రెండు రోజులవీ గంటల వారీగా తీసి 8:30 నుంచి 8:30కి కూడి చూడు. తేడాలో చాలా భాగం అక్కడే తీరవచ్చు.

మిగిలిన దానికి ఫొటోలో యంత్రం పక్కనే కనిపించిన నీళ్ళ ట్యాంకును అనుమానించు. రెండడుగుల దూరంలో అంత ట్యాంకు నిలబడి ఉంటే, అటు నుంచి గాలి కొట్టినప్పుడు వాన యంత్రం గరాటులో పడకుండా దాటిపోతుంది. తాలూకా ఆఫీసులో రెయిన్‌గేజి, అదే వాన కొలిచే పాత్ర, చూసినన్నాళ్ళూ మేం పాటించిన నియమం ఒకటే: పక్కనున్నది గేజి అంచు కన్నా ఎంత ఎత్తుగా ఉందో, కనీసం దానికి రెట్టింపు దూరం ఉండాలి. ట్యాంకు ఆరడుగులు ఎక్కువ ఎత్తుంటే యంత్రాన్ని దానికి పన్నెండడుగుల దూరానికి జరుపు. మా సైమన్స్ గేజి అంచు నేలకు 30 సెం.మీ. ఎత్తులోనే ఉండేది. నేల దగ్గర గాలి తక్కువ, ఆ ఎత్తుకు చిందులూ పడవు. మేడ మీద ఆ సుఖం లేదు. పిట్టగోడ అంచున గాలి ఎగదన్నుతుంది కాబట్టి మేడ మధ్యకు తెచ్చి వీలైనంత కిందకు దించు. గాలి కొలిచే కప్పులు ఎత్తున ఉండాలి, వాన గరాటు కిందుండాలి. రెండూ ఒకే కర్రకు బిగించి అమ్మడం నాకైతే నచ్చదు. పైగా తీగతో కట్టిన ఆ కర్ర ఊగితే చుక్క వాన లేకపోయినా అంకె పెరుగుతుంది.

లోపల ఏముందో మూత తీసి చూశావా? తూగుడుబల్ల లాగా రెండు చిన్న దొప్పలుంటాయి. ఒకటి నిండగానే ఒరిగి నీళ్ళు పారబోస్తుంది, రెండోది గరాటు కంత కిందకు వస్తుంది. అలా ఒరిగిన ప్రతిసారీ సాధారణంగా 0.2 మి.మీ. అని లెక్క. యంత్రం మట్టంగా లేకపోతే ఒక దొప్ప తొందరగా, ఒకటి ఆలస్యంగా ఒరుగుతుంది. మేస్త్రీని అడిగి స్పిరిట్ లెవెల్ పెట్టి చూడు. కుండపోతలో దొప్ప ఒరిగే క్షణంలో పడే నీళ్ళు లెక్కలోకి రావు, అందుకే పెద్ద వానకు ఇవి తక్కువే చెబుతాయి. ఇక వేపాకు, పావురాల రెట్ట, సాలెగూడు గరాటు కంతను మూసేస్తే వాన వెలిశాక కూడా గంటల తరబడి సన్నగా కురుస్తున్నట్టు చూపిస్తుంది.

పరీక్ష సులువే. గరాటు మూతి లోపలి అంచు నుంచి లోపలి అంచుకు కొలువు. 20 సెం.మీ. ఉంటే వైశాల్యం 314 చదరపు సెం.మీ. అంటే 314 మి.లీ. నీళ్ళు 10 మి.మీ. వానతో సమానం. మెడికల్ షాపులో సెలైన్ పెట్టే గొట్టం కొని, ఆ నీళ్ళను చుక్కచుక్కగా, గంటసేపు పట్టేలా వదులు. చెంబుతో కుమ్మరిస్తే పరీక్షే దండగ. 9.5కీ 10.5కీ మధ్య వస్తే దాన్ని ముట్టుకోకు. రెండు మూడుసార్లు చేసినా 9 దగ్గరే ఆగితే యాప్‌లో వాన సవరణ, అంటే గుణించే అంకె, 1.11 పెట్టు. చోటు మార్చకముందు మాత్రం ఈ సవరణ జోలికి పోవద్దు. గాలి చేసిన తప్పును గుణకారంతో దిద్దలేం.

ఇన్ని చేశాకా తేడా ఉంటుంది, అది నిజమైన తేడాయే కావచ్చు. 2020 అక్టోబరులో మీ హైదరాబాదు మునిగిన రాత్రి ఘట్‌కేసర్ వైపు 30 సెం.మీ. దాటితే బేగంపేటలో 19 దగ్గర ఆగింది. అందుకే పేపర్‌తో పోల్చడం కన్నా, పక్కనే ఒక మామూలు ప్లాస్టిక్ గేజి పెట్టుకోవడం నయం. రోజూ ఎనిమిదిన్నరకు, కన్ను నీటి మట్టానికి తెచ్చి, నీటి పైవంపు అడుగున ఉన్న గీత చదివి పారబోయి. కౌటిల్యుడు కూడా కోష్ఠాగారం, అంటే ధాన్యపు కొట్టు, ముందు మూరెడు వెడల్పు పాత్ర పెట్టి వాన కొలవమన్నాడు. అల్లుడుగారికి చెప్పు, ఆయనకు ఇలాంటివి ఇష్టం.

ఇంత పట్టింపు ఎందుకంటావేమో. మన అనంతపురానికి ఏడాదంతా పడేది 550 మి.మీ. అటూ ఇటూ. అందులో పదో వంతు తప్పితే 55 మి.మీ. వేరుశనగకు ఊడలు దిగే వేళ మా రైతులు మొహం వాచేది ఆ కాస్త వాన కోసమే.

ట్యాంకు దూరం కొలిచి, కొత్త చోటు ఫొటో పంపు. నిచ్చెన ఎక్కేది నువ్వు కాదు, అల్లుడుగారిని ఎక్కమను. అమ్మ గోంగూర పచ్చడి సీసా కొరియర్లో వేసింది, అందగానే ఫోన్ చెయ్యి.

ఇట్లు,
నాన్న