మాత్ర వేరు, నిరోధకత వేరు

సంపాదకులకు,

జాతీయ నులిపురుగుల నివారణ దినోత్సవం సందర్భంగా మీ పత్రికలో వచ్చిన వ్యాసం, బడిపిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర ఎందుకు వేయాలో చక్కగా వివరించింది. అయితే పురుగులు పోయిన ఎలుకలకు అవి మళ్లీ సోకకుండా నిరోధక శక్తి వచ్చినట్టు ప్రయోగాల్లో తేలింది కనుక ఈ మాత్ర టీకాలాగా పనిచేస్తుందనే అర్థం వచ్చే వాక్యం అందులో ఒకటుంది. దానిలో మొదటి సగం నిజమే, రెండో సగం కాదు. పశువైద్య కళాశాలలో చాలాకాలం పరాన్నజీవి శాస్త్రం బోధించినవాణ్ణి కాబట్టి, ఊరుకోలేక ఈ లేఖ రాస్తున్నాను.

ఇలాంటి ప్రయోగాల్లో బాగా వాడుకలో ఉన్న పురుగు నిప్పోస్ట్రాంగైలస్ బ్రాసిలియెన్సిస్. మనుషుల్లోని కొంకిపురుగులాగే దీని లార్వాలు, అంటే పిల్లపురుగులు, చర్మంలోంచి దూరి, రక్తంతోపాటు ఊపిరితిత్తులకు చేరి, అక్కడి నుంచి గొంతులోకి పాకి, మింగినప్పుడు చిన్నపేగులోకి దిగుతాయి. మొదటిసారి సోకిన ఎలుక, ఏ మందూ లేకుండానే, సుమారు రెండు వారాల్లో చాలావరకు పురుగులను వదిలించుకుంటుంది. అదే ఎలుకకు మళ్లీ లార్వాలు ఎక్కిస్తే పేగుదాకా వచ్చి నిలిచేవి బహుకొద్ది. నిరోధక వ్యవస్థకు చెందిన టి కణాలు వెలువరించే ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-13 అనే పదార్థాల ప్రభావంతో పేగులో జిగురు ఎక్కువగా ఊరి, పేగు కండరం బలంగా కదిలి, పురుగుకు పట్టు చిక్కదు. చంపడం కన్నా గెంటివేయడమే ఇక్కడి పద్ధతి.

వ్యాసకర్త దృష్టిలో ఉన్నది బహుశా హెలిగ్మోసోమాయిడీస్ పాలిగైరస్ అనే పురుగుతో చిట్టెలుకల్లో చేసే ప్రయోగం కావచ్చు. ఈ పురుగు తన స్రావాలతో చిట్టెలుక నిరోధక వ్యవస్థను జోకొట్టి, నెలల తరబడి పేగులో తిష్ట వేస్తుంది. మందుతో దాన్ని తొలగించి, కొన్నాళ్లు ఆగి మళ్లీ సోకిస్తే, ఈసారి పేగు గోడలోకి దూరిన లార్వాలను మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు చుట్టుముట్టి ఎదగనివ్వవు. ఇక్కడ నిరోధకత నేర్పింది మొదట సోకిన పురుగే. మందు చేసింది దాన్ని బయటికి పంపడం మాత్రమే. పురుగు ఎన్నడూ సోకని చిట్టెలుకకు అదే మందు ఎన్నిసార్లు వేసినా ఈ రక్షణ రాదు.

సోకిన తీరును బట్టి కూడా ఫలితం మారుతుంది. చిట్టెలుకల్లోని కొరడాపురుగు గుడ్లు ఒకేసారి రెండు వందలు తినిపిస్తే, చాలా జాతుల చిట్టెలుకలు కొన్ని వారాల్లో పురుగులను వదిలించుకుంటాయి. ఇరవయ్యో ముప్పయ్యో తినిపిస్తే అవే జాతుల్లో పురుగులు స్థిరపడిపోతాయి. మట్టిలో ఆడి, చేతులు కడుక్కోకుండా అన్నం తినే పిల్లవాడు మింగేది ఒక్కసారిగా వందల గుడ్లు కాదు, నిత్యం ఒకటీ అరా. చిట్టెలుకలకు అలాగే కొద్దికొద్దిగా తినిపించి చూసినప్పుడు నిరోధకత వచ్చింది, కానీ నెమ్మదిగా, అదీ పాక్షికంగా. మనుషుల్లో ఏలికపాములు, కొరడాపురుగులు బడి ఈడులో ఎక్కువగా ఉండి పెద్దయ్యాక తగ్గడానికి ఇదొక కారణం కావచ్చు. కొంకిపురుగు విషయంలో ఆ తగ్గుదల కూడా కనబడదు.

పురుగులకు టీకా అసాధ్యమని నేననడం లేదు. దూడల ఊపిరితిత్తుల పురుగు లార్వాలను ఎక్స్-కిరణాలతో బలహీనపరచి గ్లాస్గో పరిశోధకులు రూపొందించిన టీకా 1959లోనే అమ్మకానికి వచ్చింది. మన గొర్రెల మందలను సైతం పీడించే, రక్తం పీల్చే హీమాంకస్ అనే నట్టకు 2014లో ఆస్ట్రేలియాలో టీకా విడుదలైంది. దాన్ని పదేపదే వేయాలి. మనుషుల కోసం తయారైన ఒక కొంకిపురుగు టీకాను బ్రెజిల్‌లో పరీక్షించినప్పుడు, ఇదివరకే ఆ పురుగు సోకి అలర్జీ ప్రతిరక్షకాలు ఏర్పడి ఉన్న కొందరికి ఒళ్లంతా దద్దుర్లు లేవడంతో ప్రయోగం ఆపేయవలసివచ్చింది. బోనులోని ఎలుకకు పురుగు ఏ రోజున, ఎన్ని లార్వాలతో సోకిందో మనకు తెలుసు. ఊళ్లో మనిషికి ఆ లెక్క ఉండదు.

ఫిబ్రవరిలో మాత్ర మింగిన బిడ్డకు ఆరు నెలలకే మలివిడత ఎందుకని తల్లిదండ్రులు అడుగుతారు. మాత్ర ఆనాడు కడుపులో ఉన్న పురుగులనే తీస్తుంది, మర్నాడు మట్టిలోంచి వచ్చేవాటిని ఆపదు. టీకా అన్న మాట వారి మనసులో నాటుకుంటే మలివిడతకు పిల్లలను పంపరు. కనుక ఆ వాక్యానికి సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత పశువైద్య అధ్యాపకుడు, బాపట్ల