కుట్టని ఈగ తేనె ఇక అమ్మడం లేదు

నమస్తే.

మార్చి నుంచి మా దగ్గర కుట్టని ఈగ (దోమంత ఉండే చిన్న తేనెటీగ) తేనె కొన్నవాళ్లు, అడ్వాన్స్ కట్టి ఎదురుచూస్తున్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. ఆ తేనె అమ్మకం ఆపేశాం. సరుకు దొరక్క కాదు. మేం చేసిన తప్పు మాకు తెలిసొచ్చింది కాబట్టి.

ముందు సీసాల సంగతి. మే మొదట్లో నల్లగొండ నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. మూత తిప్పగానే బుస్సుమని నురగ పొంగిందట, నాలుక మీద వేసుకుంటే పుల్లగా ఉందట. "పాకం కలిపి అమ్ముతున్నారా?" అని గట్టిగానే అడిగింది. ఆ వారంలోనే ఇంకో ఐదుగురు ఇదే మాటన్నారు. అందులో కల్తీ లేదు. ఈ తేనె గుణమే పులుపు. కొండ తేనె కన్నా పల్చన, నీటి శాతం 25 దాటి ఉంటుంది, కాస్త వేడి తగిలితే పులుస్తుంది. అది తెలుసుకోకుండా మేం కొండ తేనెకు బిగించినట్టే మూతలు బిగించి, ఎండాకాలమంతా రేకుల షెడ్డులో పెట్టాం. తప్పు మాదే.

ఇంకో తప్పు అంతకన్నా పెద్దది. లేబుల్ మీద "చంటిపిల్లల దగ్గుకు మంచిది" అని వేయించాం. ఏడాది నిండని పిల్లలకు ఏ తేనె అయినా సరే నాకించకూడదు. తేనెలో ఉండే ఒక రకం బాక్టీరియా పెద్దవాళ్లను ఏమీ చేయదు గానీ పసివాళ్ల పేగుల్లో విషం పుట్టిస్తుంది. ఆ సీసా ఇంకా మీ ఇంట్లో ఉంటే ముందు ఆ లేబుల్ చింపేయండి.

ఇక అసలు విషయం. ఈ సీజన్‌లో మేం నింపినవి 38 సీసాలు, ఒక్కోటి 200 గ్రాములు. మొత్తం 7 కిలోల 600 గ్రాములు. కొండ తేనె లెక్కన చూస్తే అదేమంత పెద్ద సరుకు కాదు, ఒకటి రెండు పెద్ద పట్లు కోస్తే వచ్చేస్తుంది. కానీ ఈ ఈగ మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది, చూస్తే దోమంతే. ఒక్కో గూట్లో దొరికేది కొన్ని వందల గ్రాములే. 300 గ్రాములు అనుకున్నా మా 38 సీసాల కోసం పాతిక గూళ్లు విప్పి ఉండాలి. ఒక రాత్రి బిల్లు పుస్తకం ముందు పెట్టుకుని ఈ లెక్క వేశాక నాకు నిద్ర పట్టలేదు.

అచ్చంపేటలో మాకు ఈ తేనె తెచ్చిచ్చేది ఒక మధ్యవర్తి. కొండ తేనెకు ఇచ్చే రేటుకు మూడింతలు ఇస్తామన్నది మేమే. అందుకే మొన్న వెళ్లి చూడాలనిపించింది. నల్లమలలో మన్ననూరు దాటాక రోడ్డుకు దగ్గర్లోనే ఉన్న ఒక చెంచు పెంటకు వెళ్లాను. పెంట అంటే చెంచుల గూడెం. కొండ తేనె విషయంలో అక్కడి పెద్దాయనతో మాకు ఆరేళ్ల పరిచయం.

ఆయన నన్ను ఒక నల్లమద్ది చెట్టు దగ్గరకు తీసుకెళ్లాడు. మొదలు దగ్గర తొర్ర, తొర్రలోంచి బయటకు చిటికెన వేలంత గొట్టం. చెట్ల బంకను తమ మైనంతో కలిపి కట్టుకున్న వాకిలి అది. ఆ గొట్టం అంచు చుట్టూ ఏడెనిమిది చిన్న తలలు కాపలా ఉన్నాయి. మధ్యలోంచి ఒక ఈగ వెనక కాళ్లకు బంక ముద్ద అంటించుకుని లోపలికి నడిచిపోయింది. మేం అరగంట కూర్చున్నా ఒక్కటీ మమ్మల్ని ఏమీ అనలేదు.

అక్కడి నుంచి వంద అడుగులు నడిస్తే ఇంకో చెట్టు. దాన్ని గొడ్డలితో చీల్చేశారు. లోపల ఎండిపోయిన నల్లటి మైనం కుండలు, శనగ గింజ కన్నా కాస్త పెద్దవి, అన్నీ పగిలి ఉన్నాయి. ఈ ఈగలు తేనెను అరల పట్టులో కాదు, ఇలాంటి కుండల్లో దాస్తాయి. పక్కనే జొన్నగింజల గుత్తిలా పిల్లల అరలు. వాటికి చీమలు పట్టాయి.

పెద్దాయన అన్న మాట ఇది. "కొండ ఈగ దగ్గరికి మేం తప్ప ఎవడూ రాడు బిడ్డా, కుడుతదని భయం. ఇది కుట్టదు గదా, గొడ్డలుంటే చాలు, ఎవడు పడితే వాడొస్తున్నడు." పెంటలోవాళ్లు ఎప్పుడైనా కొంచెం తీసుకుంటే చిన్న కన్నం చేసి, ఒక పక్కన ఉన్న కుండలు మాత్రం తీసి, మళ్లీ మట్టితో మూసేస్తారట. అదీ అమ్మకానికి కాదు. ఇంట్లో దగ్గుకు, పుండ్లకు దాచుకునే సరుకు. చెట్లు చీల్చింది పెంటవాళ్లు కాదు. మేం పెంచిన రేటు విని బయటి నుంచి వచ్చినవాళ్లు.

కొండ తేనెటీగలు పట్టు కోస్తే లేచిపోయి ఇంకోచోట పెట్టుకుంటాయి, ఏడాదిలో ఎలాగూ వలసపోతాయి. ఈ చిన్న ఈగకు ఆ దారి లేదు. గుడ్లు పెట్టడం మొదలుపెట్టిన రాణి పొట్ట ఉబ్బిపోయి ఇక ఎగరలేదు. కొత్త గూడు పెట్టాలంటే కూతురు రాణి వెళ్తుంది. దానికి కూడా తల్లి గూటి నుంచే మైనం, తేనె రోజుల తరబడి మోసుకుపోతాయి. అంటే గూడు చీలిస్తే తల్లి అక్కడే ఉండిపోతుంది, సంసారం అక్కడితో ఆగిపోతుంది. ఈ ఒక్క సంగతి నాకు ముందే తెలిసి ఉంటే ఆ సీసా మా షెల్ఫ్‌లోకి వచ్చేదే కాదు.

ఇంటికొచ్చి మా అమ్మాయితో చెబితే ఫోన్‌లో వెతికి చూపించింది. మెక్సికోలో మాయా ప్రజలు ఇలాంటి కుట్టని ఈగనే వందల ఏళ్లుగా బోలు దుంగల్లో పెంచుకుంటున్నారు. వాళ్ల పాత చేతిరాత గ్రంథంలో ఈ ఈగల బొమ్మలున్నాయి, తేనెటీగలకు ఒక దేవుడే ఉన్నాడు. లెయ్డీ పెచ్ అనే మాయా మహిళ ఈ ఈగలను పెంచుతూనే, జన్యుమార్పిడి సోయా సాగు మీద ఊళ్లను కూడగట్టి పోరాడింది. ఆ ప్రజలను సంప్రదించకుండా అనుమతి ఇవ్వకూడదని 2015లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. 2020లో ఆమెకు గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. ఆస్ట్రేలియా ఆదివాసులకైతే ఈ ఈగ తేనె తిండి, మైనం పనిముట్టు. డిడ్జెరిడూ అనే వాళ్ల ఊదే వాద్యానికి మూతి దగ్గర అంటించేది ఈ మైనమే. ఎక్కడ చూసినా ఈ ఈగ ఆ ఇళ్ల మనిషిలా ఉంది. మన దగ్గర మాత్రం నేను దాన్ని సీసాకు 650 రూపాయల సరుకు చేశాను.

అడవి తేనె మీద హక్కు అడవిలో బతికేవాళ్లదని 2006 అటవీ హక్కుల చట్టంలోనే ఉంది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో తేనె పేరు రాసి మరీ ఉంది. నేను కొనుక్కునేదాన్ని మాత్రమే. పెంటవాళ్లు అమ్మాలనుకోని దాన్ని నేను రేటు పెంచి అడవి నుంచి లాగాను.

మిగిలిన 7 సీసాలు పెంటలో ఇచ్చేసి వచ్చాను. ఆ మధ్యవర్తికి ఇకపై ఏ రేటుకూ కొనమని చెప్పాం. మేం కాదంటే ఇంకొకరు కొంటారన్నాడు. కొనొచ్చు. మా షాపు పేరు మీద మాత్రం కాదు. పెంటలో రెండు ఇళ్లవాళ్లు చెక్కపెట్టెల్లో ఈ ఈగలను పెంచి చూస్తామన్నారు. పెట్టెలకు చెక్క మేం ఇస్తున్నాం. అందులోంచి తేనె వస్తే అది వాళ్లది. అమ్ముతారో లేదో వాళ్ల ఇష్టం, నేను అడగను.

కొండ తేనె యథాప్రకారం ఉంటుంది. అరకిలో సీసా మీద 40 రూపాయలు పెరుగుతుంది, ఆ 40 పూర్తిగా తీసినవాళ్లకే. కొండ అంచున తాడు మీద వేలాడుతూ తీసే తేనె అది. పైన తాడు దగ్గర బావమరిదినే కాపలా పెట్టుకుంటారు, తోబుట్టువు పసుపుకుంకుమలు చూసుకునేవాడు తాడు వదలడని. ఆ పనికి మేం ఇన్నాళ్లూ ఇచ్చింది తక్కువే.

మీతో ఒక మాట. ఈ ఈగ అడవిలోనే కాదు, మన పాత మట్టిగోడల్లో, రాతి సందుల్లో కూడా ఉంటుంది. గోడలోంచి మైనం గొట్టం కనబడితే హిట్ కొట్టొద్దు, సిమెంటు పూడ్చొద్దు. ఇల్లు పడగొడుతుంటే మాకు ఒక ఫోన్ చేయండి, చీకటి పడ్డాక వచ్చి పెట్టెలోకి మార్చుకుంటాం. మామిడి, బత్తాయి తోటలున్న మన కస్టమర్లు పూత మీద పొద్దున పూట మందు కొట్టకండి. గూటికి కొన్ని వందల మీటర్ల లోపే ఇది తిరుగుతుంది. మీ తోటలో ఉన్నది మీ పూత మీదే బతుకుతుంది.

అడ్వాన్స్ కట్టిన 14 మందికి ఫోన్‌పేలో డబ్బులు వేసేశాం. సీసా కొన్నవాళ్లకు కూడా మొత్తం వాపసు ఇస్తున్నాం, ఖాళీ సీసా అయినా సరే, బిల్లు పోయినా సరే. నల్లగొండ అక్కకు మొదటే వేశాను. నంబరు మారినవాళ్లు షాపుకు ఫోన్ చేసి చెప్పండి.