టైలరు షాపు ముక్కల్ని చెత్తలో కలపకండి

సంపాదకులకు నమస్కారం.

ప్లాస్టిక్ సంచుల గురించి, చెత్త విడదీయడం గురించి పేపర్లో వార్తలు వచ్చినప్పుడల్లా గుడ్డముక్కల మాట ఎక్కడైనా ఉందా అని వెతుకుతాను. కనబడదు. అందుకే ఈ ఉత్తరం. మాది కోవూరు. జాకెట్లు కుట్టడం నా పని. తీరిక దొరికినప్పుడు ఆ జాకెట్లలో మిగిలిన ముక్కలు, జనం ఇచ్చే పాత చీరలు కలిపి బొంతకుట్టు పర్సులు కుట్టి అమ్ముతాను. నేను అడిగేది ఒకటే. టైలరు షాపుల్లో మిగిలే ముక్కలు చెత్తబండిలో తడిచెత్తతో కలిసిపోకుండా, షాపు దగ్గరే విడిగా సంచుల్లో పడాలి. వాటిని పనికి తెచ్చే ఆడవాళ్లు మా జిల్లాలో ఊరూరా ఉన్నారు.

ముక్కలు ఏపాటి ఉంటాయిలే అనుకుంటారు. ఒక జాకెట్ కత్తిరిస్తే చంకల దగ్గర, చేతుల పక్కన, మెడ ముందూ వెనకా ముక్కలు పడతాయి. లైనింగులో మళ్లీ అన్నీ పడతాయి. పెళ్లిళ్ల రోజుల్లో సాయంత్రానికి మిషను కింద కాలు పెట్టే చోటుండదు. అందులో పట్టు ఉంటుంది, టూ బై టూ ఉంటుంది, పాటూరు మగ్గాల మీద నేసిన నూలు గుడ్డా ఉంటుంది. ఊడ్చి బయట పోస్తే కొన్ని కాలవలో పడతాయి, మిగతావి మర్నాడు కూరగాయల తొక్కలతో కలిసి బండెక్కుతాయి. ఒకసారి ఆ నీళ్లు పట్టాక ఎంత మంచి గుడ్డయినా ఇక చేతికి రాదు. తర్వాత ఎక్కడో ఏరించడం జరిగే పని కాదు. గడప దాటకముందే విడదీయాలి.

కొందరు రాత్రిపూట వీధి మూల కాల్చేస్తారు. నూలు కాలితే బూడిదవుతుంది. పాలిస్టరు జార్జెట్టు, క్రేపు కరిగి నల్లగా గడ్డ కడతాయి, కంపు ఇళ్లలోకి వస్తుంది. పాలిస్టరంటే ప్లాస్టిక్కే కదా. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సామాన్లు చాలావాటిని 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించారు. ఆ ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలచనైన ప్లాస్టిక్ క్యారీ బ్యాగులకూ చోటు లేదన్నారు. చాలా మంచి పని. కానీ ఇప్పుడు అంగళ్లలో గుడ్డసంచి అని చేతికిస్తున్నది చాలావరకు గుడ్డ కాదు. ప్లాస్టిక్ పోగుల్ని వేడితో అతికించింది. కొన్నాళ్లు ఎండ తగిలితే పొట్టు పొట్టుగా రాలిపోతుంది. దాన్ని డబ్బు పెట్టి తెచ్చుకుంటూ అసలు గుడ్డను కాలవలో పోస్తున్నాం. ఇది నాకు ఎంతకీ మింగుడు పడదు.

పర్సు కుట్టే తీరు కొంచెం వివరంగా చెబుతాను, దయచేసి కత్తిరించకుండా వేయండి. అది తెలియకనే పాత గుడ్డలేగా అంటారు.

ముందు ముక్కల్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. పాత చీర అయితే కుచ్చిళ్ల కింది భాగం అరిగి ఉంటుంది, పట్టుచీర అయితే మడతల దగ్గర చిట్లి ఉంటుంది. ఆ మేర తీసేయాలి. నూలు ముక్కలన్నీ తడిపి ఆరేయాలి, లేకపోతే పర్సు మొదటి ఉతుకులోనే ముడుచుకుపోతుంది. ఎర్రవి, మెరూన్‌వి విడిగా నానబెట్టి, తడిగా ఉన్నప్పుడే తెల్లగుడ్డ మీద రుద్ది చూస్తాను. రంగు అంటిందా, దాన్ని లేతరంగు పక్కన పెట్టను. ఆ తర్వాత నిలువు పోగు, అడ్డ పోగు చూసుకోవాలి. జాకెట్ ముక్కల్లో క్రాసువే ఎక్కువ. లాగితే సాగుతాయి. అలాంటి రెండు అంచులు కలిపి కుడితే పర్సు నోరు వంకర తిరుగుతుంది. వెనక పలచని నూలుగుడ్డ పెట్టి, టాకాలు వేశాకే వాటిని వాడాలి.

పావు ఇంచి కుట్టుకు వదిలి ముక్కలు కలుపుతాను. కలిపిన ప్రతిసారీ ఇస్త్రీ పెట్టాల్సిందే. పైన ఈ అతుకుల గుడ్డ, మధ్యలో పాత టర్కీ తువ్వాలు, లోపల లైనింగు, మూడు పొరలు. బజార్లో మధ్య పొరకు స్పాంజి షీటు దొరుకుతుంది, పని తొందరగా తెములుతుంది. నేను వాడను. ఉన్న తువ్వాలు పారేసి మళ్లీ స్పాంజి కొనడం నాకు నచ్చదు. మూడు పొరలూ కలిపి చేత్తో పరుగుకుట్టు వేస్తాను, నడుమ మొదలుపెట్టి అంచులకు పోతూ. ముందే అంచులు బిగించేస్తే లోపలి గుడ్డ నడుమ పొంగి ముడత పడుతుంది. వెనక మెడ కత్తిరించినప్పుడు వచ్చే ముక్క ఉంది చూశారా, మడత విప్పితే పైన తిన్నగా, కింద గుండ్రంగా ఉంటుంది. ఎవరూ దాచరు దాన్ని. పర్సు మీదికి వాలే మూతకు అది కొలిచినట్టు సరిపోతుంది. జరీ అంచున్న ముక్క దొరికితే ఆ మూత చివర వేస్తాను. జిప్పు ముందే కుట్టేసి పక్కలు తర్వాత మూయాలి. లోపల పీచు లేవకుండా అంచులకు పట్టీ వేయాలి.

పొద్దున వంటయ్యాక కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు ఒక పర్సు తయారవుతుంది. జిప్పు, రన్నరు, దారం, లోపలి లైనింగు చాలకపోతే కొనేది, అన్నీ కలిపి 60 రూపాయల దాకా అవుతుంది. అమ్మేది 300కు. రొట్టెల పండగకు నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర పర్సులు అమ్మకానికి పెట్టుకున్నప్పుడు ఒకావిడ పర్సు తిప్పి తిప్పి చూసి, “బలే ఉండాది మే, ఎంత?” అంది. చెప్పాను. “పాత గుడ్డలకా మూడొందలు?” అని కింద పెట్టేసింది. పక్కనే రెగ్జిన్ పర్సు దాదాపు అదే ధరకు కొనుక్కుంది. ఆమె మీద నాకు కోపం లేదు. గుడ్డకు నేను డబ్బు అడగడం లేదు, చేతి పనికి అడుగుతున్నాను. ఇది పేపర్లో వస్తే నలుగురికీ తెలుస్తుందని రాస్తున్నాను.

మా జేజి నూలు చీరలు పొరలు పరిచి గుమ్మంలో కూర్చుని బొంతలు కుట్టేది. ఆ కుట్టే ఇది. బెంగాల్ నక్షీ కాంతాకు, బీహార్ సుజనీకి ఫలానా ప్రాంతం పని అని ప్రభుత్వం ఇచ్చే భౌగోళిక గుర్తింపు (జి.ఐ.) ఉంది. అవీ పాత చీరలు పొరలేసి చేతికుట్టు వేయడంలోంచి వచ్చినవే. మన బొంతకు ఆ గౌరవం దక్కలేదు. కుట్టు శిక్షణ తరగతుల్లో జాకెట్, లంగా, గౌను నేర్పుతారు. బొంతకుట్టు మాత్రం నేర్పగా నేను చూడలేదు. నేర్చుకోవడానికి కొత్త గుడ్డ కొనక్కర్లేని పని ఇది, పేదింటి పిల్లలకు అంతకంటే ఏం కావాలి?

ఇది జరగదనుకోవడానికి వీల్లేదు. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది ఈ జిల్లాలోనే. ఆ వెనకే రోజుకు రూపాయి దాచుకుంటూ పొదుపులక్ష్మి సంఘాలు పుట్టిందీ ఇక్కడే. ఆ సంఘాలు ఇవాళ వీధివీధికీ ఉన్నాయి. ముక్కలు తెచ్చి ఇస్తే తీసుకునే చేతులకు కొదవ లేదు.

టైలరు అన్నదమ్ములకు నా మనవి: రెండు గోతాలు పెట్టుకోండి. నూలు, పట్టు ఒకదాంట్లో, మిగతావన్నీ ఇంకోదాంట్లో. అరచేతిలో సగం ముక్కయినా పారేయకండి, అతుక్కు పనికొస్తుంది. దారాలు, పీలికలు దిండ్లలోకి పోతాయి. సన్మానాల్లో కప్పిన శాలువాలు బీరువాల్లో మూలుగుతున్న పెద్దలు కూడా దయచేసి అవి ఇప్పించండి. శాలువా అంచు పర్సు పట్టీకి చాలా బాగుంటుంది. సభలకు రెగ్జిన్ సంచులు పంచే ఆఫీసులవాళ్లు ఒక్కసారి ఈ ముక్కలతో కుట్టిన సంచులు ఆర్డరివ్వండి, ముందుగా చెబితే సంఘాలవాళ్లు కలిసి కుట్టివ్వగలరు.

మునిసిపాలిటీలను, పంచాయతీలను అడిగేది వారానికి ఒక్క బండి. రోజూ తిరిగే బండి కాదు, టైలరు షాపులున్న వీధులకు మాత్రం వచ్చి గోతాలు ఎత్తుకుని పొదుపు సంఘాలకు చేర్చే బండి. మా వీధిలో టైలర్లతో మాట్లాడాను, గోతాలు పెట్టడానికి వాళ్లు సిద్ధంగా ఉన్నారు. సోమవారం పొద్దున అయితే మేలు. ఆదివారం షాపులు సర్దుకుంటారు కాబట్టి వారం ముక్కలన్నీ అప్పటికి ఒకచోట ఉంటాయి.

ఇట్లు,
ఒక కుట్టుమిషను కార్మికురాలు,
కోవూరు, నెల్లూరు జిల్లా